వెనక తలుపు సాక్ష్యం

కొళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని పరాయి ఇంటి అంట్లు తోముతున్నారు. ఒకామెకు డెబ్బై దగ్గరపడ్డాయి, ఉద్యోగం నుంచి రిటైరైన నర్సు. రెండో ఆమె బట్టలు కుట్టుకుని బతికే మనిషి, ఆమె నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. ఇద్దరికీ ఆ ఇంటితో చుట్టరికం లేదు. ఇరుగుపొరుగూ కాదు. తొమ్మిది రోజులుగా పొద్దున పదింటికల్లా వస్తున్నారు, తోముతున్నారు, ఉతుకుతున్నారు, మంచం పట్టిన ముసలామె చేత నాలుగు ముద్దలు తినిపించి వెళ్లిపోతున్నారు.

వంటింటి కిటికీ వెనక నిలబడి ఆ ఇంటి పెద్దకోడలు మేస్త్రమ్మ వాళ్లనే చూస్తోంది.

చదివేవాళ్లకు ఇది చల్లని దృశ్యంలా కనిపించవచ్చు. మేస్త్రమ్మకు అలా కనిపించలేదు. ఊరికే వచ్చి ఒకరి ఎంగిలి కంచాలు ఎవరు కడుగుతారు? మొదటిరోజే వాళ్ల సంచి వెతికింది. బ్రెడ్డు, సబ్బు, ఒక పాత శాలువా, అడుగున నల్ల అట్ట పుస్తకం. ఓహో, ఇదా సంగతి అనుకుంది. ఇవాళ బ్రెడ్డు, రేపు పుస్తకం, ఎల్లుండి నీళ్లలో ముంచడం. కానీ తొమ్మిది రోజులైనా ఆ పుస్తకం సంచిలోంచి బయటికి రాలేదు. అది బయటికి రాకపోవడంతో మేస్త్రమ్మ అనుమానం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అడగవలసింది అడగని మనిషి ఇంకేదో పెద్దది అడగబోతుందన్నమాట.

ఆమె అనుమానానికి కారణం ఉంది. దాచుకున్నది ఉన్న మనిషికి ప్రతి అడుగుల చప్పుడూ తన కోసమే వస్తున్నట్టు ఉంటుంది. ఆమె దాచుకున్నదేమిటో మీ దగ్గర నేను దాచను.

ఆమె పనిచేసేది రొయ్యల కంపెనీలో. రెండు షెడ్లు. ఒక్కో షెడ్డులో పాతికమంది ఆడవాళ్లు ఐసు నీళ్లలో చేతులు పెట్టి, నిలువుకాళ్ల మీద పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రొయ్యలు ఒలుస్తారు. మేస్త్రమ్మ వాళ్లమీద పెత్తనం చేసే మనిషి. ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారో తూకం వేస్తుంది, కబుర్లు చెప్పుకుంటే కసురుతుంది. ఆడవాళ్లు గుప్పెడు రొయ్యలు కొంగులో కట్టుకుని వెనక తలుపు గుండా జారుకుంటారని మేనేజరు నమ్మకం. ఒక్కరూ దొరికింది లేదు. అయినా పని మొదలవగానే వెనక తలుపుకు బయటనుంచి తాళం పడాల్సిందే. ఆ తాళం వేసే చెయ్యి మేస్త్రమ్మది.

ఆ రోజు ఐసు గదిలో గ్యాసు గొట్టం పగిలింది. గ్యాసు ముందు తలుపు వైపు నుంచి కమ్ముకొచ్చింది. కళ్లు మండిపోతూ, ఊపిరాడక, అందరూ వెనక తలుపు మీద పడ్డారు. తూకం గదిలో ఉన్న మేస్త్రమ్మ కేకలు విని, షెడ్డు చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చి తాళం తీసేసరికి ఇరవైమంది దగ్గుకుంటూ పాక్కుంటూ బయటపడ్డారు. ఐదుగురు లేవలేదు. ఆ ఐదుగురిలో ఒకతె మేస్త్రమ్మ సొంత తోటికోడలు. పెళ్లయి వచ్చిన రోజు నుంచి ఇద్దరిదీ ఒకే పొయ్యి. "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరిగిన మనిషి.

మరునాడే కంపెనీ ఒక మాట పుట్టించింది. తలుపుకు తాళం లేదట. అది లోపలికి తెరుచుకునే తలుపట. ఆడవాళ్లు కంగారుపడి ఒకళ్లమీద ఒకళ్లు పడి తోసేసరికి బిగుసుకుపోయిందట. అంటే చచ్చినవాళ్లు తమ తొందరపాటుతోనే చచ్చారన్నమాట. రోజూ తాళం పడుతుందని తెలిసినా, ఆ రోజు పడిందని చెప్పడానికి బతికినవాళ్లకు ఆ క్షణాన కళ్లే కనిపించలేదు, ఇంక తాళం ఎక్కడ కనిపిస్తుంది? ఎంక్వయిరీ రోజు ఖాయమయ్యాక మేనేజరు మేస్త్రమ్మను గదిలోకి పిలిచాడు. కేకలు వెయ్యలేదు. కుర్చీ కూడా చూపించాడు.

"తాళం వేసిన చెయ్యి నీది. నోరు తెరిస్తే జైలుకెళ్లేదీ నువ్వే. తెరవకపోతే నీ తోటికోడలి కూతురికి రెండో షెడ్డులో పని. బుధవారం నుంచి రమ్మను. మంగళవారం ఎంక్వయిరీకి ఆఫీసరు వస్తాడు. ఏం చెప్పాలో నీకు తెలుసు."

రెండో షెడ్డు వెనక తలుపుకు ఇప్పటికీ తాళం పడుతూనే ఉంది. మొదటి షెడ్డు మూతపడింది గనుక, చావు ఇంటి సెలవు అయ్యాక బుధవారం నుంచి ఆ తాళమూ మేస్త్రమ్మ చేతికే వస్తుంది. అంటే తల్లిని మూసిన చేత్తోనే బుధవారం నాడు కూతుర్నీ మూయాలి. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లు. అమ్మ పోయిందన్న దుఃఖంలోనూ, పెద్దమ్మ ఉందిగదా అన్న ధీమాతో ఉంది.

ఇదీ మేస్త్రమ్మ కడుపులో ఉన్న నిప్పు. ఇప్పుడు చెప్పండి, కొళాయి దగ్గర కూర్చున్న ఆ ఇద్దరినీ ఆమె ఏ కళ్లతో చూస్తుంది?

*

పదోరోజున అత్త మంచం మీద లేచి కూర్చుంది. నర్సమ్మ కంచం పట్టుకుని పక్కన కూర్చుంది. కుట్టుపనామె కాళ్ల దగ్గర చేరి, తన మొగుడు బతికున్నప్పుడు పెట్టిన గురక గురించి ఏదో చెబుతోంది. పక్కింటివాళ్లు గోడ కొట్టేవారట, గురక ఆగేది కాదట, గోడే పడిపోయిందట. ఇన్నాళ్ల తరవాత ముసలామె మొహంలో నవ్వు లాంటిదేదో కదిలి, అంతలోనే ఏడుపైపోయింది.

"నా కోడలు తొందర మనిషి కాదమ్మా" అంది అత్త. "వరసలో నిలబడితే వెనకాల వాళ్లందర్నీ ముందుకు పంపి తను ఆఖర్న వచ్చేది. అలాంటిది తోసిందంటారే. తోసుకుని చచ్చిందంటారే."

నర్సమ్మ కంచం కింద పెట్టింది. "ఈ మాట నీలోనే పెట్టుకోకు వదినా. ఆదివారం మా ప్రార్థన హాలుకి రా. వచ్చి అందరి ముందూ సాక్ష్యం చెప్పు. మనసు తేలికపడుతుంది."

వంటింట్లో మేస్త్రమ్మ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

సాక్ష్యం. కంపెనీ లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, పదిరోజులుగా ఎవరి నోట విన్నా అదే మాట. ఆఫీసరు ముందు సాక్ష్యం ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు, చెబితే ఏమవుతుంది. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని, దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లు తమ కష్టసుఖాలు పదిమందిలో చెప్పుకోవడాన్ని కూడా సాక్ష్యం అంటారని, ఆ లైన్లలో పుట్టి ఆ రొయ్యల మధ్యే పెరిగిన మనిషికి ఎలా తెలుస్తుంది? అయితే ఇదన్నమాట అసలు పని. సాక్షులను పోగుచేస్తున్నారు. ఎవరి తరఫున?

నాలుగిళ్ల అవతల ఒకామె ఉంది. ఆమెకు లైన్లలో అందరూ పెట్టిన పేరు రేడియో. ఎవరూ మీట నొక్కక్కర్లేదు, అదే మోగుతుంది. ఆమె ఆ మధ్యాహ్నమే ఇంకో కబురు మోసుకొచ్చింది. కుట్టుపనామె దగ్గర ఒక నోటు పుస్తకం ఉందట. చనిపోయిన ఐదుగురి ఇళ్లకూ వెళ్లి ఒక్కొక్కరి పేరూ రాసి, పక్కన ఏవో అంకెలు వేసుకుంటోందట. "నా పేరు రాయలేదు చూడు, నా ఇంట్లో ఎవరూ చావలేదు గదా" అంది రేడియో, అదేదో తనకు జరిగిన అన్యాయమన్నట్టు.

మేస్త్రమ్మ కొంగు బిగించి తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లింది. చర్చివాళ్లు సాక్షులను కూడగడుతున్నారని, పేర్లు రాసుకుంటున్నారని చెప్పింది. చెబుతున్నంతసేపూ తన ఇంటిని కాపాడుకుంటున్నాననే అనుకుంది.

మరునాడు పదింటికి ఎవరూ రాలేదు. లైన్ల ఇళ్లు కంపెనీవి, గేటు కంపెనీది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ ఇద్దరినీ ఆపేశాడు. చిన్నపిల్లల కోసం కుట్టి తెచ్చిన గౌన్లు కూడా లోపలికి పోనివ్వలేదు. గౌన్ల సంగతి తెలిశాక రేడియోనే నాలుక కరుచుకుంది. పుస్తకంలోని అంకెలు ఛాతీ కొలత, నడుము కొలత, పొడుగు.

కొళాయి దగ్గర అంట్లు పేరుకున్నాయి. అత్త మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. మేస్త్రమ్మ కంచం పట్టుకెళ్లి కూర్చుంటే నోరు తెరవలేదు. పిల్ల బతిమాలితే రెండు గుక్కలు నీళ్లు తాగింది. ఇరవయ్యేళ్లుగా ఈ ముసలామెకు వండిపెట్టిన చేతులు మేస్త్రమ్మవి. ఆ చేతులకు ఇప్పుడు ఒక్క ముద్ద తినిపించడం చేతకాలేదు. ఎందుకంటే, ఆ మనిషి పక్కన కూర్చుని ఆ మనిషి ఏడుపు వినాలి. వినడానికి మేస్త్రమ్మకు ధైర్యం లేదు. అత్త "నా కోడలు తోసిందంటారే" అనగానే ఆమె పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లేచి వెళ్లిపోయేది.

ఆదివారం పొద్దున అత్త తనంతట తానే లేచింది. మొహం కడుక్కుంది. మనవరాలి భుజం పట్టుకుని గేటు దాటింది. లోపలికి వచ్చేవాళ్లను ఆపగలరు గానీ బయటికి వెళ్లే ముసలిదాన్ని ఏమని ఆపుతారు? వాచ్‌మన్ తల దించుకున్నాడు.

మేనేజరు కబురు చేశాడు. "నువ్వూ వెళ్లు. వెనక కూర్చో. ఎవరేం చెబుతారో విని వచ్చి నాకు చెప్పు."

అలా మేస్త్రమ్మ ప్రార్థన హాలుకి వెళ్లింది. ఓదార్పుకు కాదు, వేగుకు.

*

పొడుగాటి రేకుల హాలు. బెంచీలు, ముందు ఒక చెక్క బల్ల, దాని మీద కుండీలో నాలుగు పూలు. పైన ఆరు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ప్రతి ఫ్యాను రెక్క మీదా కంపెనీ పేరు ఎర్ర అక్షరాల్లో ఉంది. అది చూసి మేస్త్రమ్మ లోపల నవ్వుకుంది. వీళ్లూ అక్కడి ఉప్పే తింటున్నారు, ఇంక వీళ్లకు భయపడటమెందుకు అనుకుంది. తన రహస్యం బయటపడదన్న ధైర్యంతో పాటు, ఇక్కడా తన గోడు వినేవాళ్లెవరూ లేరన్న దిగులూ ఆమెకు వచ్చింది.

పాట అయింది. పాస్టరుగారు రెండు మాటలు చెప్పి, ఎవరైనా సాక్ష్యం చెప్పుకోవాలంటే రావచ్చన్నారు. మేస్త్రమ్మ ముందుకు వంగింది.

మొదట ఒక చేపలబండి అతను లేచాడు. చనిపోయిన ఐదుగురిలో ఒకామె మొగుడు. బల్ల దగ్గర నిలబడ్డాడు. "అది జడ వేసుకునేటప్పుడు పిన్నులు పళ్లతో పట్టుకునేది. అలా పట్టుకునే నన్ను తిట్టేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు" అన్నాడు. అంతే. వచ్చి కూర్చున్నాడు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. పక్కనున్న మనిషి అతని చెయ్యి పట్టుకున్నాడు.

తరవాత ఒకామె తన చెల్లెలి గురించి చెప్పింది. ఇంకొకామె లేచి, ఏమీ చెప్పలేక నిలబడే ఉంది. హాలంతా ఆమె కోసం ఆగింది. ఆమె కూర్చున్నాక కూడా ఎవరూ తొందరపడి పాట ఎత్తుకోలేదు.

మేస్త్రమ్మ వెనక్కి జరిగి కూర్చుంది. ఇదా సాక్ష్యం? దీని మీదా తను వెళ్లి చాడీ చెప్పింది? పేర్లు లేవు, తాళాల మాట లేదు, ఆఫీసరు లేడు. చచ్చినవాళ్లు మనుషులని చెప్పుకోవడం, అంతే.

అత్త లేచింది. తన కోడలు తొందర మనిషి కాదన్న మాట మళ్లీ చెప్పింది, అదే మాటల్లో. "నేను అబద్ధం ఎందుకు చెబుతాను? ఈ వయసులో నాకేం కావాలి? నా కోడల్ని దొంగని చేసినా ఓర్చుకుందును. దాని చావుకి దాన్నే తప్పు పడుతున్నారు" అంది. కూర్చోబోతూ, "అంతేనమ్మా" అని చేతులు జోడించింది.

అప్పుడు నర్సమ్మ లేచింది. పాస్టరుగారు ఆమె వంక కొంచెం కంగారుగా చూశారు.

"మేము మీ ఇళ్లకు వస్తుంటే, ఎందుకొస్తున్నారని మీలో కొందరు అనుకున్నారు. అనుకోవాలి. కష్టంలో ఉన్న ఇంటికి ఎవరొచ్చినా ఎందుకొచ్చారని అడగాలి. నేను ఊరికే రావడం లేదు" అంది ఆమె. గొంతు ఎత్తలేదు, దించలేదు. "ముప్ఫయ్యేళ్ల కిందట నేను ఆస్పత్రిలో పనిచేస్తున్నప్పుడు తోళ్ల ఫ్యాక్టరీ నుంచి ఒకణ్ణి తెచ్చారు. తొట్టిలో దిగి ఊపిరాడక పోయాడు. గుండె ఆగి పోయాడని కేసు షీటులో రాయమన్నారు. రాశాను. నాకు పిల్లలున్నారు, ఉద్యోగం ఉంది, భయం ఉంది. అన్నీ ఉన్నాయి. వాడి తల్లి నా చెయ్యి పట్టుకుని, నీకు పుణ్యముంటుందమ్మా అంది. నెల తిరక్కుండా అదే తొట్టిలో ఇంకొకడు పోయాడు. ఆ రెండోవాడి చావు నా చేత్తో రాసిందే. అప్పట్నుంచి ఇంటింటికీ వెళ్లి అంట్లు తోముతున్నాను. తోమితే పోయేది కాదు. తెలుసు. ఏడ్చేవాళ్ల పక్కన కూర్చోమన్నాడు ప్రభువు. కూర్చున్నాను. కానీ వాళ్ల నోరు నొక్కి కూర్చోమనలేదు. నిజం దాచేసి, ఆ పైన పెట్టిన ముద్ద ఎంత ప్రేమగా పెట్టినా అది లంచమే."

ఆమె కూర్చుంది.

రెండోవాడు. మేస్త్రమ్మకు ఆ ఒక్క మాటే వినిపించింది. ముందు బెంచీలో నానమ్మ భుజం మీద చెయ్యి వేసి కూర్చున్న పిల్ల వీపు కనిపిస్తోంది. బుధవారం. రెండో షెడ్డు.

తను ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. బల్ల దాకా వెళ్లలేదు. ఉన్నచోటే నిలబడి, బెంచీ అంచు పట్టుకుంది.

"నాకు మీ పద్ధతి తెలీదు. మేనేజరు విని రమ్మంటే వచ్చాను. మీ ఇద్దర్నీ గేటు దగ్గర ఆపించింది కూడా నేనే" అంది. ఇంక అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు. "తలుపు బిగుసుకోలేదు. తాళం వేసుంది. వేసింది నేను. తీసింది కూడా నేనే. తీసేసరికి మా చెల్లి తలుపుకి ఆనుకునే ఉంది. ఎవర్నీ తొయ్యలేదు. దాని చేతులు రెండూ పక్కన పడ్డ ఇంకొకామె భుజాల మీద ఉన్నాయి, పైకి లేపుతున్నట్టు."

పాస్టరుగారు పైకి చూశారో, ఫ్యాన్ల వైపే చూశారో గానీ, గొంతు సవరించుకుని, ఇది దేవుడి సన్నిధి, ఇటువంటి వ్యవహారాలు ఆఫీసుల్లో చెప్పుకుంటే బావుంటుందేమో అని నసిగారు. కుట్టుపనామె కూర్చున్నచోటనుంచే అంది, "ఫ్యాన్లు వాళ్లవి గానీ గాలి వాళ్లది కాదుగదండీ, చెప్పనివ్వండి." పాస్టరుగారు వచ్చి, మేస్త్రమ్మ ఉన్న బెంచీలోనే ఒక చివర కూర్చున్నారు. ఆయన చేసింది అంతే. కానీ కూర్చున్నారు.

అత్త నెమ్మదిగా వెనక్కి తిరిగింది. పెద్దకోడల్ని చూసింది. ఆ చూపు ఎలా ఉందో రాయడానికి నా దగ్గర మాటల్లేవు, రాయను. తిడుతుందనుకున్నారు. మీదపడి కొడుతుందనుకున్నారు. కొట్టినా తప్పేముంది?

ముసలామె అడిగింది. "ఎవరు వెయ్యమన్నారు?"

పదమూడు రోజులుగా ఆ కంపెనీ లైన్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఎవరు తోశారని అడిగారు. ఎవరు కంగారుపడ్డారని అడిగారు. బ్రెడ్డు ఎవరు పంపారని, గౌన్లు ఎందుకు కుట్టారని, పుస్తకంలో ఏముందని అడిగారు. తాళం ఎవరు వెయ్యమన్నారని ఒక్కరూ అడగలేదు.

"మేనేజరు" అంది మేస్త్రమ్మ.

*

క్షమించేసింది, కావలించుకుంది అని రాస్తే మీకు బావుంటుంది. అలా జరగలేదు. రెండు రోజులు అత్త ఆమెతో మాట్లాడలేదు. పిల్ల కూడా పెద్దమ్మ పక్కన పడుకోలేదు. నర్సమ్మ, కుట్టుపనామె మాత్రం గేటు బయట రోడ్డు మీదే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. లైన్ల ఆడవాళ్లు అక్కడికే వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. మంగళవారం పొద్దున అత్త చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి, మొహం చూడకుండా, "పద" అంది.

ఎంక్వయిరీ మేనేజరు గదిలోనే. మేస్త్రమ్మ మూడు వాక్యాల్లో చెప్పింది. మేనేజరు చిన్నగా నవ్వి ఆఫీసరుతో, ఈ ఆడవాళ్లకు చర్చివాళ్లు నూరిపోశారని, బ్రెడ్డు ఆశపెట్టి మతంలో కలుపుకుని కంపెనీ మీదికి ఉసిగొల్పుతున్నారని చెప్పాడు. రెండు వారాల కిందట మేస్త్రమ్మ అనుకున్న మాటలే అవి, అక్షరం తేడా లేదు. ఎదుటివాడి నోట వింటేగానీ అవి ఎవరికి పనికొచ్చే మాటలో ఆమెకు తెలిసిరాలేదు.

ఆఫీసరు కలం ఆపి ఆమెను అడిగాడు. "ఇలా చెప్పమని వాళ్లే చెప్పారా?"

"లేదు బాబూ. నేను వాళ్ల మతంలో చేరలేదు, చేరమని వాళ్లు అడగలేదు. ఏం చెప్పాలో నాకు చెప్పింది ఈయన. వాళ్లు విన్నారు, అంతే."

ఆ సాయంత్రమే ఆఫీసరు దగ్గరుండి రెండో షెడ్డు వెనక తలుపు తాళం తీయించి, దానికి గొళ్లెం కూడా లేకుండా ఊడబెరికించాడు. మేస్త్రమ్మ పని పోయింది. తాళం వేసినందుకు ఆమె మీద కేసూ పడింది, వెయ్యమన్నవాడి మీదా పడింది. ఎవరికి ఎంత శిక్ష పడుతుందో ఇంకా తేలలేదు. తనకు పడేది పడనీ అంటుంది ఆమె. పిల్ల పనికి వెళుతోంది. మధ్యాహ్నం అన్నం వేళ ఆ ఆడవాళ్లు వెనక తలుపు బార్లా తీసి గుమ్మంలో కూర్చుని తింటున్నారు.

చదివినవాళ్లారా, మీకు చెప్పేది ఒక్కటే. ఏడుస్తున్న ఇంటికి అన్నం తెచ్చినవాణ్ణి ఎందుకు తెచ్చావని అడగండి, తప్పులేదు. కానీ ఆ ఇంటికి చావు తెచ్చినవాణ్ణి అంతకంటే ముందు అడగండి.